గుడుపల్లెలో గోడమీది లెక్క

గుడుపల్లెకు రైలుస్టేషను ఉన్నది. అయితే ఆ దారిన పోయే బండ్లు జోలార్‌పేట నుంచి బెంగుళూరుకు పోయేవి. మదనపల్లె నుంచి బయలుదేరే నాబోటి వాడికి వాటివల్ల ప్రయోజనం లేదు. పుంగనూరు, పలమనేరు, వి.కోట, శాంతిపురం అంటూ బస్సులు మారుతూ కుప్పం చేరాలి; అక్కడినుంచి మళ్ళీ ఇంకో బస్సు. పలమనేరులో కాఫీ తాగి ఎక్కిన బస్సులో, వి.కోట దాటేసరికి నాకు ముందు సీటులో తెలుగు, వెనక సీటులో అరవం, పక్కన కన్నడం. కండక్టరు మూడింటిలోనూ చిల్లర లేదన్నాడు.

దారి పొడుగునా టమాటా తోటలు, మల్బరీ చేలు, మధ్య మధ్య ఏనుగులు పడుకున్నట్టు నల్లరాతి గుండ్లు. పుంగనూరు దాటుతున్నప్పుడు ఆ ఊరి పొట్టి ఆవు ఒక్కటైనా కనబడుతుందేమోనని కిటికీలోంచి చూశాను. కనబడలేదు. నేను చూడబోతున్న వస్తువు కూడా ఒకవిధంగా ఆ జాతిదే. పొట్టిది, పొగరుది, ఈ కాలంలో అరుదైనది. మా చిన్నాయన కారు.

చిన్నాయన పోయి ఏడాది అయింది. సంవత్సరీకం అయిన మరునాడే చిన్నమ్మ నాకు ఫోను చేసింది.

"ఒరే నాయనా, ఆ బండిని ఏం చేసేది? పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి పోయినాడు. ఆదివారం మళ్ళా వస్తానన్నాడు. అది కదిలితే ఉంచుతా. కదలకపోతే ఇచ్చేస్తా. షెడ్డులో శవం మాదిరి పెట్టుకోని నేను చూస్తా ఉండలేను."

అప్పటికి బుధవారం. గురువారం సాయంత్రానికి నేను గుడుపల్లెలో ఉన్నాను.

మా చిన్నాయన కోలారు బంగారు గనుల్లో ఫిట్టరు. గుడుపల్లెలో రైలెక్కి బంగారుపేటలో దిగి, అక్కడ మారికుప్పం బండి పట్టుకుని పనికి పోయేవాడు. ఆ గనులను 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ నడిపింది, 1956లో అవి మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 2001లో మూతపడ్డాయి. దొరలు పోయినా వాళ్ళ అంగుళాలూ, పౌన్లూ, గ్యాలన్లూ ఆ వర్కుషాపుల్లో చాలా కాలం ఉండిపోయాయి. చిన్నాయన చేతికి వచ్చిన విద్య ఆ కొలతల్లోనే వచ్చింది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ ఆ రెండు రోజులూ అక్కరకు రాలేదు.

ఇక కారు సంగతి. అది స్టాండర్డ్ హెరాల్డ్. ఇటలీ దేశపు జొవాన్ని మికెలోట్టి గీసిన రూపం. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వచ్చింది. మన దేశంలో 1961 నుంచి మద్రాసు దగ్గర వండలూరులో తయారయింది. ముందు భాగమంతా, మడ్‌గార్డులతో సహా, ఒక్క మూతలాగా ముందుకు లేస్తుంది. మేస్త్రీ టైరుమీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. 25 అడుగుల మేరలో గిరుక్కున తిరుగుతుంది. మా ఊరి సందుల్లో ఎద్దులబండికి కూడా అది చేతకాదు.

ఈ బండి మామూలు హెరాల్డు కూడా కాదు. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో యుద్ధకాలపు విమాన మైదానం ఒకటి ఉండేది. అక్కడ ఏటా మోటారు పందేలు జరిగేవి. ఒక మద్రాసు ఆసామి ఈ కారుకు రెండు కార్బురేటర్లు పెట్టించి, ఇంజను తలను చెక్కించి ఆ పందేలలో తోలేవాడు. మా చిన్నాయన సెలవు పెట్టుకుని పోయి ఆయనకు చేతిసాయం చేసేవాడు. ఆసామికి పందేల మీద మోజు తీరాక బండి చిన్నాయన చేతికి వచ్చింది. ఎంతకు కొన్నాడో చిన్నమ్మకు చివరిదాకా చెప్పలేదు.

షెడ్డు తలుపు తీయగానే ముందు నాకు కనబడింది కారు కాదు, గోడ. సున్నం కొట్టిన గోడమీద నల్లరంగుతో, గనుల్లో పెట్టెలమీద రాసినట్టు పెద్ద అక్షరాలతో రాసి ఉంది:

ఇంజను 7. గేరు ఒకటిన్నర. వెనక 1. ముందు కీళ్ళకు గ్రీజు వద్దు, నూనె.

అంతే. ఏడు ఏమిటో లేదు. ఒకటిన్నర ఏమిటో లేదు. తెలిసినవాడు తనకోసం రాసుకున్న లెక్క అది. కొలత పేరు ఆయన కడుపులో ఉండిపోయింది.

చిన్నాయన జబ్బు పడకముందే కుప్పంలో ఒక మేస్త్రీ కుర్రాడికి పని అప్పజెప్పాడట. వాడు ఇంజను విప్పి బేరింగులు, రింగులు మార్చి బిగించాడు. గేరుబాక్సు సరిచేశాడు. వెనక ఇరుసులో ఆయిలు కారుతుంటే దాన్నీ విప్పి, కడిగి, కొత్త సీలు వేసి ఎండగా పెట్టాడు. ఇంతలో చిన్నాయన పోయాడు. పని అక్కడే ఆగింది. శుక్రవారం పొద్దున నేను పిలిస్తే వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"బేరింగులకు ఎంత తిరిగినానో మీకు తెలియదన్నా. బెంగుళూరు, సేలం అన్నీ అయినాయి. ఈ సెట్టు పోయిందంటే ఇంకో సెట్టు నావల్ల కాదు. ఆయిలు ఎంత పొయ్యాలో మీరే చెప్పండి."

కారుతో వచ్చిన పుస్తకం ఉండేది. దాన్ని ఏనాడో చెదలు తిన్నాయి. ఏడు అంటే ఏడు లీటర్లా? ఆ చిన్న ఇంజనుకు ఏడు లీటర్లు పోస్తే మునిగిపోతుంది. చిన్నమ్మ "సేరేమోరా" అన్నది. సేరు అంటే ఏ సేరు? ఆమె పుట్టింటి సేరు వేరట, గుడుపల్లె సేరు వేరట. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తగారితో మొదటి తగాదా ఆ సేరు దగ్గరే వచ్చిందట. బియ్యం ఎందుకు చాలలేదో అర్థం కావడానికి వారం పట్టిందట. దేశమంతటికీ ఒకే కొలత ఉండాలని 1956లో చట్టం చేశారు. లీటర్లు, కిలోలు వచ్చాయి. చట్టం దుకాణాల్లోకి వచ్చినంత తొందరగా గోడలమీదికి రాదు కదా!

అప్పుడు నాకు అమెరికాలో ఉన్న మేనల్లుడు గుర్తుకు వచ్చాడు. వాడికి పాత కార్ల పిచ్చి. ఫోను చేస్తే గంటలోపల ఒక పాత పుస్తకంలో పేజీ ఫోటో తీసి పంపాడు. అదే హెరాల్డు, అదే ఇంజను. చక్కగా అచ్చయి ఉంది: ఇంజనుకు 8.4 పింట్లు, గేరుబాక్సుకు 1.8, వెనక ఇరుసుకు 1.2.

నాకు ప్రాణం లేచి వచ్చింది. గోడమీది లెక్క తప్పని అక్కడికక్కడే తేల్చేశాను. ముసలితనంలో మతిమరుపుతో రాసి ఉంటాడు, లేదా పందేల బండి కాబట్టి బరువు తగ్గించడానికి ఆయిలు తక్కువ పోసేవాడేమో అని ఒక సిద్ధాంతం కూడా చేశాను. పింటు అంటే 568 మిల్లీలీటర్లని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాను. ఎనిమిదీ పాయింటు నాలుగును దానితో హెచ్చవేస్తే 4 లీటర్ల 770. కొత్త ఫిల్టరు తాగేది ఇంకో అర లీటరు. మొత్తం అయిదుంపావు లీటర్లు దాటింది. పొయ్యమన్నాను.

మేస్త్రీ పోశాడు. పోసి, ఇంజనును చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ఆయిలు చూసే పుల్ల తీసి తుడిచి, పెట్టి, తీసి, వెలుతురుకు పట్టుకున్నాడు.

"అన్నా, పై గీత దాటి వేలెడు పైకి వచ్చింది."

"ఆ పుల్ల ఏ ఇంజనుదో! ఎన్నిసార్లు విప్పిన బండి ఇది. అచ్చయిన మాట కంటే ఇనుప పుల్ల ఎక్కువా?" అన్నాను నేను.

వాడు ఇంకేమీ అనలేదు. చదువుకున్నవాడి మాట కాదనలేక ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంజను మూడో తిప్పుకే అందుకున్నది. చిన్నమ్మ వంటింట్లోంచి చెయ్యి కూడా తుడుచుకోకుండా పరుగెత్తుకు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. రెండు కార్బురేటర్ల ఆ బండి గొంతు మామూలు కారు గొంతు కాదు. కొంచెం బొంగురు, కొంచెం కోపం. అయిదు నిమిషాలు అందరం అలాగే నిలబడి విన్నాం. పది నిమిషాలయ్యేసరికి వెనకనుంచి నీలంరంగు పొగ. ఇంజనుకూ గేరుబాక్సుకూ సందున ఆయిలు బొట్టు బొట్టుగా కారి నేలమీద మడుగు కట్టసాగింది. లోపల ఆయిలు దీపం ఒకసారి ఎర్రగా వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది.

"ఆపు! ఆపు!" అన్నది చిన్నమ్మ, మా ఇద్దరికంటే ముందు. "ఆ దీపం వెలిగితే ఆయన నడిరోడ్డులో ఉన్నా ఆపేసేవాడు."

మేస్త్రీ తాళం తిప్పేశాడు. పుల్ల తీస్తే దానిమీద ఆయిలు లేదు, నురుగు ఉంది. కవ్వంతో చిలికిన మజ్జిగ లాంటి నురుగు. జరిగింది అదే. ఇంజను అడుగున తిరిగే క్రాంకు ఆయిలుకు పైన తిరగాలి; మునిగి తిరగకూడదు. ఆయిలు ఎక్కువైతే క్రాంకు దాన్ని కొట్టి కొట్టి చిలుకుతుంది. నురుగులో గాలి. పంపు ఆ గాలిని తాగుతుంది. బేరింగులకు ఆయిలుకు బదులు బుడగలు పోతాయి. తక్కువైతే చెడుతుందని అందరికీ తెలుసు. ఎక్కువైనా అదే చావు. ఇంకో పది నిమిషాలు ఆపకుండా ఉండి ఉంటే బెంగుళూరు, సేలం తిరిగి తెచ్చిన బేరింగులు పోయి ఉండేవి. ఆదివారం వచ్చే ఇనుము వ్యాపారికి బేరం చెప్పుకోవలసి వచ్చేది.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. చిన్నమ్మ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. భోజనాలయ్యాక టార్చి తీసుకుని షెడ్డులోకి పోయి, గోడ ఎదుట ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఒక చేతిలో ఫోనులో అమెరికా పేజీ. ఎదురుగా చిన్నాయన గోడ.

7, 8.4. ఒకటిన్నర, 1.8. 1, 1.2.

పొద్దున ఇవి రెండు వేరువేరు లెక్కలుగా కనబడ్డాయి. ఒకటి ఒప్పయితే రెండోది తప్పు కావాలనుకున్నాను. ఇప్పుడు ఊరికే వేళ్ళమీద లెక్క కట్టాను. ఏడును 1.2తో హెచ్చవేస్తే 8.4. ఒకటిన్నరను హెచ్చవేస్తే 1.8. ఒకటికి 1.2. మూడింటికి మూడూ! మతిమరుపు ముసలివాడు మూడు అంకెలనూ ఒకే పాలున తప్పు రాయడు. ఇది ఒకే లెక్క, రెండు కొలతల్లో.

పింటు రెండు రకాలు. ఇంగ్లండువారు 1824లో గ్యాలనును కొత్తగా నిర్ణయించుకున్నారు. పది పౌన్ల నీరు పట్టేంత. దానిలో ఎనిమిదో వంతు పింటు, 568 మిల్లీలీటర్లు. అమెరికావారు అప్పటికే విడిపోయి ఉన్నారు. వాళ్ళు ఆన్ రాణి కాలపు పాత సారా గ్యాలనునే ఉంచుకున్నారు, ఇప్పటికీ వాడుతున్నారు. వాళ్ళ పింటు 473. చిన్నమ్మకూ ఆమె అత్తగారికీ మధ్య వచ్చిన తగాదాయే ఇది, సముద్రాలకు అటూ ఇటూ. నేను చేసిన పని, అమెరికా అంకెను ఇంగ్లండు పింటుతో కొలవడం. ఆ చిన్న పింట్లు 8.4 అయితే 3 లీటర్ల 973. పెద్ద పింట్లు 7 అయితే 3 లీటర్ల 976. తేడా మూడు మిల్లీలీటర్లు. కంటిచుక్కల మందు సీసాలో కూడా అంతకంటే ఎక్కువ ఉంటుంది.

కాని ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి. కాగితంమీద కుదిరినంత మాత్రాన మళ్ళీ ఇంజనులో పొయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఋజువు కావాలి. ఆ ఋజువు వెనక ఇరుసులో ఉంది.

శనివారం పొద్దున మేస్త్రీ రాగానే అడిగాను. ఇరుసు పెట్టె ఎండగానే ఉందా? ఉంది. గేరుబాక్సును మాత్రం వాడు ముందే నింపేశాడు, కొలత లేకుండా. పక్కన ఉండే మర తీసి, ఆయిలు ఆ బెజ్జం అంచుదాకా వచ్చి బయటికి కారబోయేదాకా పోశాడట.

"మేము కొలవమన్నా. బెజ్జమే కొలత."

కారు చేసినవాడు ఎంత ఆయిలు కావాలో అంత ఎత్తున బెజ్జం పెట్టాడు. పుస్తకాలను చెదలు తింటాయి, గోడలకు వెల్ల వేస్తారు. బెజ్జం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వెనక ఇరుసుకూ అలాంటి బెజ్జమే ఉంది. అయితే ఈసారి కొలిచి పొయ్యాలి. గోడమీద వెనక 1 అని ఉంది కనుక ఆ పెట్టె ఎంత తాగితే అంత, చిన్నాయన "ఒకటి".

మిల్లీలీటర్ల గీతలున్న పాత్ర ఇంట్లో లేదు. కుప్పంలో మందుల షాపుకు పోయి పసిపిల్లల పాలసీసా కొన్నాను, 250ది. షాపువాడు "బాబా, పాపా?" అని నవ్వుతూ అడిగాడు. "అరవై ఏళ్ళు దాటిందండీ" అని వచ్చేశాను.

గేరు ఆయిలు తేనెకంటే చిక్కన. డబ్బాను వేడినీళ్ళలో పెట్టి, చిన్నమ్మ చూడకుండా ఆమె ఇడ్లీపాత్రలోనే పెట్టామనుకోండి, పలచబడ్డాక పాలసీసాలోకి వంచి, ప్లాస్టికు గొట్టంతో ఇరుసులోకి. ఒక సీసా, 250. రెండో సీసా, 500. నేను నేలమీద పడుకుని బెజ్జంలోకి టార్చి వేసి చూస్తున్నాను. మూడో సీసా మేస్త్రీ పది పదిగా పోస్తూ పైకి చెబుతున్నాడు. ఇరవై. నలభై. యాభై. ఇంకా లేదు. అరవై. అంచున మెరుపు. ఆగమన్నాను. నిమిషం ఆగి మళ్ళీ పొయ్యమన్నాను. డెబ్బై దగ్గర ఒక బొట్టు బెజ్జం అంచు దాటి నా చెంపమీద పడింది.

570. రెండు మిల్లీలీటర్లు ఎక్కువ. అవి గొట్టానికి అంటుకుని ఉంటాయి. చిన్నాయన "ఒకటి" ఇంగ్లండు పింటు. ఏడు అంటే ఏడు ఇంగ్లండు పింట్లు, అంటే నాలుగు లీటర్లు.

ఇంజనులో ఉన్న నురుగు ఆయిలు అంతా రాత్రే దించేశాం. ఫిల్టరు తన వాటా ముందురోజే తాగి ఉంది కనుక దానికి వేరే లేదు. సరిగ్గా నాలుగు లీటర్లు పోసి, అయిదు నిమిషాలు ఆగి మేస్త్రీ పుల్ల తీశాడు. ఈసారి నాకే అందించాడు. పై గీతమీద, గోటితో గీసినట్టు, ఆయిలు నిలిచి ఉంది. పుల్ల ఆ ఇంజనుదే. నిన్న కూడా అది నిజమే చెప్పింది.

గోడమీది చివరి మాట మిగిలింది: ముందు కీళ్ళకు గ్రీజు వద్దు, నూనె. హెరాల్డుకు ముందు చక్రాలు కింద ఒక కంచు కీలుమీద, మరలాగా, తిరుగుతాయి. దానికి గ్రీజు కొట్టే నిపిలు ఉంటుంది. నిపిలు చూసినవాడెవడైనా గ్రీజే కొడతాడు. అక్కడ పొయ్యవలసింది గేరు ఆయిలు. గ్రీజు గట్టిపడి మరలోకి దిగదు. లోపల నీళ్ళు చేరి ఇనుము తుప్పుపట్టి తింటుంది. ఒకనాడు మలుపులో కీలు విరిగి చక్రం కారుకిందికి మడుచుకుపోతుంది. మేస్త్రీ అప్పటికే గ్రీజు తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. గోడ చూపించాను. ఈసారి వాడు నన్ను కాదు, గోడను నమ్మాడు. తుపాకీ కడిగి నూనె నింపుకున్నాడు.

సాయంత్రం షెడ్డులో అరగంట నడిపాం. పొగ లేదు. నేలమీద రెండు బొట్లు పడ్డాయి. ఆ జాతి ఇంజన్లకు ఆ మాత్రం ఉంటుందని మేస్త్రీ అన్నాడు. ఎర్రదీపం వెలగలేదు.

ఆదివారం పొద్దున చిన్నమ్మ తలస్నానం చేసి, గంధంరంగు చీర కట్టుకుని, నన్ను అడక్కుండానే ముందు సీటులో కూర్చుంది. ఇనుము వ్యాపారి సంగతి ఏమని అడిగితే, "తాళం వేసి ఉంటే వాడే పోతాడు" అన్నది. కుప్పం దారి పట్టాం. రైలుపట్టాల పక్కన కొంత దూరం రోడ్డు తిన్నగా ఉంది. షోలవరం గుర్తుకు వచ్చిందో ఏమో, బండి తనంతట తానే ముందుకు లాగుతున్నట్టు అనిపించి నేనూ కొంచెం కాలు నొక్కాను. రెండు కార్బురేటర్లూ గొంతు విప్పాయి.

చిన్నమ్మ ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో కొంగు సర్దుకుని నావైపు చూసింది.

"మీ చిన్నాయన ఇంకా నిదానంగా పోయేవాడు" అన్నది.